ప్లాస్టిక్ కీడు పొట్టతో ఆగదు

ధర్మవరం, కదిరి, హిందూపురం, గుంతకల్లు... ఏ ఊరి సంత వెనుక చూసినా ఒకటే తీరు. అమ్ముడుపోని కుళ్లు కాయలు, హోటళ్లలో మిగిలిన అన్నం, పెళ్లిళ్లలో మిగిలిన కూర అన్నీ పాలిథిన్ కవర్లలో మూటగట్టి చెత్తకుప్ప మీద విసురుతున్నారు. ముడి విప్పడం ఆవుకు చేతకాదు. వాసన పట్టి కవరుతో సహా మింగుతుంది. మింగిన కవరు అరగదు, బయటకు పోదు. పొట్టలో పేరుకుని ముద్ద కడుతుంది. మేత మేయలేక, నెమరు వేయలేక పశువు చిక్కి శల్యమై చనిపోతుంది.

ఈ సంగతి అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల రైతులకు కొత్త కాదు. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ అనే జంతు సంక్షేమ సంస్థ ఇటువంటి పశువులకు శస్త్రచికిత్సలు చేయించి కిలోల కొద్దీ ప్లాస్టిక్‌ను వెలికి తీయించింది. 2012లో మరికొందరితో కలిసి సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. ఈ మూగజీవాల గోడును దేశ అత్యున్నత న్యాయస్థానం ముందుకు తీసుకుపోయినది ఈ ప్రాంతపు సంస్థే కావడం గమనార్హం.

అయితే పొట్టలో ముద్ద కట్టిన ప్లాస్టిక్ కంటికి కనిపించే కీడు. కొన్ని ప్లాస్టిక్‌లలోని రసాయనాలు నెత్తురులో కలిసి చేసే కీడు కంటికి కనిపించదు. పశువు పైకి ఆరోగ్యంగానే ఉంటుంది. మేత మేస్తుంది, పాలిస్తుంది. దెబ్బ మాత్రం దాని కడుపులో ఉన్న పిల్లకు తగులుతుంది. ఆవుకు, గొర్రెకే కాదు, పాలిచ్చి పిల్లలను సాకే ప్రతి జీవికీ, అంటే మనిషికి కూడా, ఇది వర్తిస్తుంది. దీని గురించి గ్రామాల్లో చెప్పేవారు లేరు. చట్టం కూడా ఈ వైపు చూడవలసినంతగా చూడటం లేదు.

నెత్తురులో నడిచే కబురు

శరీరంలో వినాళ గ్రంథులు అనే చిన్న అవయవాలు కొన్ని ఉన్నాయి. మెదడు కింద పిట్యూటరీ, గొంతు దగ్గర థైరాయిడ్, ఆడ జీవుల్లో అండాశయాలు, మగ జీవుల్లో వృషణాలు ఆ కోవలోవే. ఇవి హార్మోన్లు అనే పదార్థాలను నేరుగా నెత్తురులోకి వదులుతాయి. పెయ్య ఎప్పుడు ఎదకు రావాలి, కట్టిన చూలు ఎలా నిలవాలి, పొదుగులోకి పాలు ఎప్పుడు దిగాలి, కడుపులోని మగపిల్ల అవయవాలు ఎప్పుడు రూపు దిద్దుకోవాలి అనే కబుర్లన్నీ మోసుకుపోయేవి ఈ హార్మోన్లే.

వాటి మోతాదు అతి స్వల్పం. ఒక మిల్లీలీటరు నెత్తురులో స్త్రీ హార్మోను ఎంత ఉన్నదో చెప్పడానికి గ్రాములో లక్ష కోట్లవ వంతులతో లెక్క కడతారు. అంత కొద్ది పదార్థంతోనే అంత పని జరుగుతున్నది. కనుక 'ఇంత కొంచెం రసాయనం ఏం చేస్తుందిలే' అనే మాట ఈ విషయంలో చెల్లదు.

హార్మోను తాళంచెవి వంటిది. శరీర కణాల్లో దానికి సరిపోయే తాళం ఉంటుంది. బయటి నుంచి అటువంటి ఆకారమే గల మారుతాళం వచ్చి పడితే శరీరం మోసపోతుంది. తెరుచుకోకూడని వేళ తలుపు తెరుచుకుంటుంది. లేదా తెరుచుకోవలసిన తలుపు మూసుకుపోతుంది.

ఇది ఊహ కాదు. ప్లాస్టిక్ ఇంటింటికీ రాకముందే గొర్రెల పెంపకందారులు దీనిని అనుభవించారు. 1940 దశకంలో పశ్చిమ ఆస్ట్రేలియాలో క్లోవర్ అనే ఒక రకం పచ్చిమేత మేసిన మందల్లో గొర్రెలు చూలు కట్టడం తగ్గిపోయింది. కట్టినా ఈనడం కష్టమైంది. 1946లో అక్కడి పశువైద్య పరిశోధకులు ఈ సంగతి ప్రకటించారు. ఆ మేతలో స్త్రీ హార్మోను వలె పనిచేసే పదార్థం ఉండడమే కారణమని పరిశోధనల్లో తేలింది. గొర్రెకు రోగం లేకున్నా, మేతలో ఉన్న ఒక పదార్థమే మందను గొడ్డుపోయేలా చేయగలదని లోకం అప్పుడు తెలుసుకున్నది.

ప్లాస్టిక్‌లో ఏమున్నది

ప్లాస్టిక్‌లన్నీ ఒకటి కావు. హార్మోన్ల విషయంలో ముఖ్యంగా రెండు రకాల రసాయనాల పేర్లు వినవస్తున్నాయి. మొదటిది బిస్‌ఫినాల్ ఏ. గాజులా మెరిసే గట్టి పాలికార్బనేట్ ప్లాస్టిక్‌ను దీనితోనే తయారుచేస్తారు. నీళ్ల ప్లాంట్ల నుంచి ఇంటికి వచ్చే 20 లీటర్ల క్యాన్లలో చాలా వరకు ఈ రకానివి ఉంటాయి. ఆహారం నిలవ చేసే రేకు డబ్బాల లోపలి పూతలోనూ ఇది ఉండవచ్చు.

రెండవది థాలేట్లు. పీవీసీ ప్లాస్టిక్ సహజంగా గట్టిది. దానిని మెత్తగా, వంగేలా చేయడానికి థాలేట్లు కలుపుతారు. మెత్తని గొట్టాలు, రెగ్జిన్, చవక బొమ్మలు, వానకోట్లు ఈ కోవకు వస్తాయి. మెత్తని పీవీసీ బరువులో మూడో వంతు దాకా ఈ రసాయనమే ఉండవచ్చు. ఇది ప్లాస్టిక్‌తో గట్టిగా అతుక్కుని ఉండదు. వేడి తగిలినా, నూనె, వెన్న వంటి కొవ్వు తగిలినా బయటకు ఊరుతుంది. బిస్‌ఫినాల్ ఏ కూడా వేడికి, ఘాటైన సబ్బు నీళ్లకు, గీతలు పడి పాతబడిన పాత్రల నుంచి ఎక్కువగా దిగుతుంది.

బిస్‌ఫినాల్ ఏ కథ విచిత్రమైనది. 1936లో లండన్‌లో చార్లెస్ డాడ్స్ అనే శాస్త్రజ్ఞుడు ఇది స్త్రీ హార్మోను వలె పనిచేస్తున్నదని కనుగొన్నాడు. 1938లో ఆయన బృందమే అంతకన్నా ఎన్నో రెట్లు శక్తి గల డీఈఎస్ అనే పదార్థాన్ని తయారుచేసింది. డీఈఎస్ మందు అయింది. హార్మోను లక్షణం ఉన్నదని తెలిసిన బిస్‌ఫినాల్ ఏ 1950 దశకంలో ప్లాస్టిక్‌కు ముడిసరుకు అయింది.

డీఈఎస్ మందు ఏం చేసిందో ప్రతి తల్లీ తెలుసుకోదగినది. గర్భస్రావం కాకుండా ఉండేందుకని అమెరికాలోనూ, ఇతర దేశాల్లోనూ లక్షలాది గర్భిణులకు ఈ మందు ఇచ్చారు. తల్లులు బాగానే కనిపించారు. పిల్లలూ బాగానే పుట్టారు. 1971లో బోస్టన్ వైద్యులు ఒక వార్త బయటపెట్టారు. 15 నుంచి 22 ఏళ్ల వయసు గల యువతులు ఎనిమిది మందికి అంత చిన్న వయసులో అతి అరుదుగా కనిపించే జననాంగ క్యాన్సరు వచ్చింది. వారిలో ఏడుగురి తల్లులు కడుపుతో ఉన్నప్పుడు డీఈఎస్ మింగినవారే. విత్తనం వేసిన ఇరవై ఏళ్లకు పంట చేతికి వచ్చినట్లయింది. బిస్‌ఫినాల్ ఏ డీఈఎస్ అంత బలమైనది కాదు. కానీ కడుపులో ఉన్నప్పుడు తగిలిన దెబ్బ ఈడు వచ్చాక బయటపడగలదని డీఈఎస్ రుజువు చేసింది.

చిట్టెలుకల పంజరం

1998లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో ప్యాట్రీషియా హంట్ అనే శాస్త్రవేత్త చిట్టెలుకల అండాల మీద పరిశోధన చేస్తున్నది. ఏ మందూ ఇవ్వని చిట్టెలుకల్లో నూటికి ఒకటి రెండు అండాలలో కనిపించే లోపం ఉన్నట్టుండి నూటికి 40 వరకు పెరిగింది. మేత మారలేదు, నీళ్లు మారలేదు. వెతకగా వెతకగా కారణం పంజరాల దగ్గర దొరికింది. పాలికార్బనేట్ పంజరాలను, నీళ్ల సీసాలను పొరపాటున నేల కడిగే ఘాటైన సబ్బు నీళ్లతో కడిగారు. ప్లాస్టిక్ దెబ్బతిని అందులోంచి బిస్‌ఫినాల్ ఏ ఊరింది. చిట్టెలుకలు ఆ నీళ్లు తాగాయి.

అది యాదృచ్ఛికం కాదని రుజువు చేసేందుకు ఆమె బృందం కొన్ని చిట్టెలుకలకు కావాలనే కొద్ది మోతాదులో బిస్‌ఫినాల్ ఏ ఇచ్చి చూసింది. అదే లోపం మళ్లీ కనిపించింది. 2003లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

కథ అక్కడితో ఆగలేదు. బిస్‌ఫినాల్ ఏ మీద గొడవ పెరగడంతో పరిశ్రమలు దాని బంధువులైన బిస్‌ఫినాల్ ఎస్ వంటి వాటిని వాడడం మొదలుపెట్టాయి. హంట్ బృందం కూడా వేరే రకం ప్లాస్టిక్ పంజరాలకు మారింది. ఆ కొత్త పంజరాలు దెబ్బతిన్నప్పుడు అటువంటి ముప్పే ఎదురైందని 2018లో ఆ బృందం ప్రకటించింది. 'బీపీఏ లేనిది' అని సీసా మీద అచ్చు వేసినంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇక థాలేట్ల సంగతి. 2000 సంవత్సరంలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థకు చెందిన ఎర్ల్ గ్రే బృందం చూలుతో ఉన్న ఎలుకలకు కొన్ని థాలేట్లు ఇచ్చి పరీక్షించింది. పుట్టిన మగ ఎలుకల్లో కొన్నింటికి జననాంగాలు సరిగా ఏర్పడలేదు. కొన్నింటికి వృషణాలు కిందికి దిగలేదు. థాలేట్లు కడుపులోని మగపిల్లలో పురుష హార్మోను తయారీని తగ్గిస్తాయని తేలింది. తల్లి ఎలుకకు పెద్దగా హాని కనబడని మోతాదులోనూ పిల్లకు హాని జరుగుతున్నది.

గొర్రెలు, కుక్కలు

ఎలుకల ముచ్చట గొర్రెలకు వర్తిస్తుందా అని కాపరులు అడగవచ్చు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో వసంత పద్మనాభన్ బృందం ఈ ప్రశ్నతోనే చూలు గొర్రెలకు బిస్‌ఫినాల్ ఏ సూదిమందుగా ఇచ్చి చూసింది. పుట్టిన పిల్లలు బరువు తక్కువగా పుట్టాయి. ఆడపిల్లలు పెరిగి ఎదకు వచ్చే వయసులో అండం విడుదల కావడానికి ఉప్పెనలా రావలసిన హార్మోను బలహీనంగా వచ్చింది. 2006లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

స్కాట్లాండ్‌లో జరిగిన పరిశోధన రైతులకు మరింత దగ్గరి విషయం. అక్కడ పట్టణాల మురుగు నుంచి తీసిన మడ్డిని పొలాలకు ఎరువుగా వేయడం ఉన్నది. ఆ మడ్డిలో థాలేట్లతో పాటు ఇంకా అనేక రసాయనాలు కొద్ది కొద్దిగా కలిసి ఉంటాయి. ఆ ఎరువు వేసిన గడ్డి మేసిన గొర్రెలను, మామూలు ఎరువు వేసిన గడ్డి మేసిన గొర్రెలను పోల్చి చూశారు. తల్లి గొర్రెలు రెండు చోట్లా బాగానే ఉన్నాయి. కానీ మడ్డి గడ్డి మేసిన వాటి కడుపులోని మగపిల్లల వృషణాల్లో కణాల సంఖ్య తక్కువగా ఉన్నది, పురుష హార్మోనూ తగ్గింది. 2005లో ఇది అచ్చయింది. అందులో ప్లాస్టిక్ రసాయనాల వాటా ఎంత, మిగతా వాటి వాటా ఎంత అని విడదీసి చెప్పడం కష్టం. పొలంలో గొర్రె నోటికి వచ్చేది ఎప్పుడూ ఒక్క రసాయనం కాదు, అన్నీ కలిసిన మిశ్రమమే.

ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వారు 1988 నుంచి 2014 వరకు, అంటే 26 ఏళ్ల పాటు, ఒకే చోట పెంచిన విత్తన కుక్కల వీర్యాన్ని పరీక్షిస్తూ వచ్చారు. వీర్యకణాల కదలిక ఏటేటా తగ్గుతూ వచ్చింది. వృషణాలు దిగని మగ కుక్కపిల్లలు పెరిగాయి. కుక్కల వీర్యంలోనూ, వృషణాల్లోనూ, వాటికి పెట్టే కొన్ని తయారీ మేతల్లోనూ డీఈహెచ్‌పీ అనే థాలేటు కనిపించింది. 2016లో ఈ వివరాలు వెల్లడయ్యాయి. మనిషితో పాటు ఒకే ఇంట్లో, ఒకే గాలిలో బతికే జంతువు కుక్క. కుక్కకు జరుగుతున్నది యజమానికి జరగదని ధీమాగా చెప్పగలవారెవరు?

మనుషుల మాటేమిటి

మనుషుల మీద ఎలుకల మాదిరి ప్రయోగాలు చేయరాదు. కనుక పోల్చి చూడడమే దారి. అమెరికాలో షానా స్వాన్ బృందం 2005లో గర్భిణుల మూత్రంలో థాలేట్ల జాడను కొలిచి, వారికి పుట్టిన మగపిల్లలను పరీక్షించింది. థాలేట్లు ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో, ఎలుకల్లో కనిపించిన మార్పును పోలిన స్వల్ప మార్పే జననాంగాల దగ్గర కనిపించింది. 1973 నుంచి 2011 వరకు పాశ్చాత్య దేశాల్లో పురుషుల వీర్యకణాల సాంద్రత సగానికి పైగా పడిపోయిందని 2017లో హగాయ్ లెవిన్ తదితరులు లెక్క తేల్చారు. 2022లో వారే ఆసియా, ఆఫ్రికా దేశాల వివరాలు కూడా కలిపి చూడగా అక్కడా తగ్గుదల కనిపించింది.

ఈ తగ్గుదలకు ప్లాస్టిక్ ఒక్కటే కారణమని ఎవరూ రుజువు చేయలేదు. పొగాకు, ఊబకాయం, పురుగుమందులు, వేడి వంటి కారణాలు ఇంకా అనేకం ఉన్నాయి. బిస్‌ఫినాల్ ఏ విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య భేదాభిప్రాయాలూ ఉన్నాయి. ఆహారంలో చేరుతున్న మోతాదుతో ప్రమాదం లేదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెబుతూ వచ్చింది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ మాత్రం 2023లో, రోజువారీగా శరీరంలోకి పోయినా ఫరవాలేదని తాను 2015లో చెప్పిన మోతాదును 20 వేల రెట్లు తగ్గించింది. పెద్దలు తగువు తేల్చుకునేదాకా కడుపులోని పిల్ల ఎదగకుండా ఆగదు. తెలియని విషయంలో జాగ్రత్త పడడమే వివేకం.

ఇక్కడ మరొక మాట చెప్పక తప్పదు. పెళ్లయి నాలుగేళ్లయినా కడుపు పండకపోతే గ్రామాల్లో నేటికీ నింద కోడలి నెత్తినే పడుతున్నది. గొడ్రాలని పేరు పెట్టి పేరంటానికి పిలవకపోవడం, మగవాడికి రెండో పెళ్లి చేయజూడడం విచారకరం. లోపం మగవాడి వైపు కూడా ఉండవచ్చునని, తాను పుట్టకముందే తల్లి కడుపులో ఉండగా తగిలిన రసాయనం వల్ల కూడా కావచ్చునని ఈ పరిశోధనలు సూచిస్తున్నాయి. పరీక్ష ఇద్దరికీ జరగాలి. నింద ఎవరికీ తగదు.

మందం కొలిచే చట్టం

ప్లాస్టిక్ మీద దేశంలో చట్టాలు లేకపోలేదు. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులను నిషేధించారు. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పలుచని క్యారీబ్యాగులు వాడరాదన్నారు. పలుచని కవర్లు ఎగిరిపోయి కాలువలకు, పశువుల పొట్టలకు చేరతాయి గనుక ఇది మంచిదే. నిషేధం ఉన్నా సంతల్లో పలుచని కవర్లు రాజ్యమేలుతూనే ఉన్నాయన్నది వేరే సంగతి.

అయితే ఈ చట్టం కవరు మందాన్ని కొలుస్తున్నదే గాని, ప్లాస్టిక్‌లో కలిసి ఉన్న మందును కొలవడం లేదు. మందంగా ఉన్నంత మాత్రాన కవరు శరీరానికి మంచిది కాబోదు. శిశువుల పాలసీసాల్లో బిస్‌ఫినాల్ ఏ ఉండరాదని 2015 నాటి భారత ప్రమాణం చెబుతున్నది. ఐరోపా దేశాలు 2011లోనే పాలసీసాల్లో దానిని నిషేధించాయి. 2024 డిసెంబరులో ఆహారానికి తగిలే వస్తువులన్నింటిలోనూ నిషేధిస్తూ నిర్ణయం తీసుకుని, పరిశ్రమలకు గడువులిచ్చి 2025 జనవరి నుంచి అమలుకు దిగాయి. అక్కడి పిల్లలకు పనికిరానిది ఇక్కడి పిల్లలకు పనికివస్తుందా? పసిబిడ్డ పాలసీసా దాటి 20 లీటర్ల నీళ్ల క్యాను దగ్గరకు ఈ దేశపు చట్టం ఎప్పుడు వస్తుంది?

ఇంటిలో చేయదగినవి

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. ప్లాస్టిక్‌ను ఒక్కరోజులో ఇంటి నుంచి తరిమివేయడమూ సాధ్యం కాదు. ముందుగా కాపాడవలసిన వారెవరో, ముందుగా మానవలసిన అలవాట్లేవో తెలుసుకుంటే చాలు. కాపాడవలసిన వారు గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు, చూడి పశువులు. మానవలసినది వేడి పదార్థానికీ, నూనె పదార్థానికీ ప్లాస్టిక్‌తో పొత్తు.

సలసల కాగే టీని కవరులో పోసి ముడి వేయించుకుని పొలానికి తీసుకుపోయే అలవాటు జిల్లా అంతటా ఉన్నది. హోటలు సాంబారు, కూర కూడా అంతే. స్టీలు క్యారియరు, చిన్న ఫ్లాస్కు పట్టుకుపోతే ఈ బెడద ఉండదు. కాగితపు కప్పు మేలనుకుంటే అదీ పొరపాటే. దాని లోపల పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. వేడి నీరు పోసి 15 నిమిషాలు ఉంచితే 100 మిల్లీలీటర్లలో సుమారు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు చేరుతున్నాయని ఖరగ్‌పూర్ ఐఐటీ వారు 2020లో తేల్చారు. గాజు గ్లాసు, స్టీలు లోటా కడుక్కుని వాడుకోవడమే ఉత్తమం.

నీళ్ల క్యాన్లను ఎండలో ఉంచరాదు. వేసవిలో ఆటోల మీద, అరుగుల మీద గంటల తరబడి క్యాన్లు ఎండుతూ ఉండటం సర్వసాధారణమైపోయింది. ఇంటికి రాగానే నీటిని మట్టి కుండలోకో, స్టీలు బిందెలోకో వంచుకోవాలి. గీతలు పడి మసకబారిన క్యానును తీసుకోకుండా వెనక్కు పంపాలి. ప్లాస్టిక్ వస్తువు అడుగున మూడు బాణాల మధ్య అంకె ఉంటుంది. 3 అంకె పీవీసీది. 7 అంకె కింద పాలికార్బనేట్ కూడా వస్తుంది. తిండికి, నీటికి ఈ రెంటినీ వీలైనంత దూరంగా ఉంచాలి. బోరు నుంచి వచ్చే గట్టి పీవీసీ పైపులకు మెత్తబరిచే థాలేట్లు అవసరం లేదు గనుక ఆ విషయంలో కంగారు పడనక్కరలేదు.

పసిబిడ్డకు తల్లిపాలను మించినది లేదు. పై పాలు తప్పనప్పుడు గిన్నె, స్టీలు చెంచా చాలు. పాలసీసాల ప్రచారాన్ని 1992 నాటి చట్టమే నిషేధించింది. పాలలో వెన్న ఉంటుంది గనుక థాలేట్లను ఇట్టే పీల్చుకుంటుంది. కేంద్రానికి పాలు పోసే రైతులు మెత్తని ప్లాస్టిక్ డబ్బాలు మాని స్టీలు, అల్యూమినియం క్యాన్లు వాడటం మేలు. నెయ్యి, నూనె, ఊరగాయలకు జాడీలు, గాజు సీసాలు ఉండనే ఉన్నాయి.

పశువుల విషయంలో రైతులు చేయగలిగినది చాలా ఉన్నది. మిగిలిన అన్నాన్ని, తొక్కలను కవరులో కట్టి పారేయకుండా విడిగా కుడితి తొట్టిలో వేయాలి. టమోటా, కళింగర తోటల్లో పంట అయిపోయాక చిరిగిన మల్చింగ్ షీటు ముక్కలు చేలోనే వదిలేస్తున్నారు. అవి గాలికి కొట్టుకుపోయి వేరుశనగ కట్టెలో కలుస్తున్నాయి. మందలు మేతకు దిగకముందే వాటిని ఏరివేయాలి. చెత్తకుప్పల దగ్గర చూడి గొర్రెలను, చూడి ఆవులను మేపరాదు. అన్నింటికన్నా ముఖ్యం, చెత్తకు నిప్పు పెట్టే అలవాటు మానాలి. పీవీసీ కాలితే డయాక్సిన్లు అనే విష పదార్థాలు పుడతాయి. అవి గడ్డి మీద పడి, పశువు తిని, పాల వెన్నలో చేరతాయి. హార్మోన్లను చెడగొట్టే వాటిలో ఇవీ ఉన్నాయి. కాల్చివేస్తే పీడ వదిలిందనుకోవడం అమాయకత్వం.

ప్రభుత్వం చేయవలసినవి

ప్రజలు ఎంత జాగ్రత్త పడినా అధికారులు చేయవలసిన పని అధికారులే చేయాలి. పంచాయతీల్లో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాల పేరుతో కట్టిన షెడ్లు తాళాలతో వెలవెలబోకూడదు. తడి చెత్త, ప్లాస్టిక్ విడివిడిగా వాటికి చేరాలి. సంతలు, మునిసిపల్ డంపింగ్ యార్డుల చుట్టూ పశువులు లోపలికి పోకుండా కంచె వేయాలి. నీళ్ల ప్లాంట్లవారు పాత క్యాన్లను ఎన్నేళ్లు వాడుతున్నారో, ఏ సబ్బుతో కడుగుతున్నారో ఆహార భద్రతా అధికారులు తనిఖీ చేయాలి. క్లీవ్‌లాండ్ చిట్టెలుకల ముప్పు కడగడంలో జరిగిన పొరపాటు నుంచే వచ్చిందన్న సంగతి వారు మరువరాదు.

గొర్రెల పెంపకానికి పేరు పొందిన ఈ జిల్లాల్లో చెత్తకుప్పల దగ్గర మేసే మందలను, అడవిలో మేసే మందలను పోల్చి చూసే పరిశోధన జరగవలసిన అవసరం ఎంతైనా ఉన్నది. చూలు నిలవకపోవడం, పిల్లలు బరువు తక్కువగా పుట్టడం వంటివి రెండు చోట్లా ఎలా ఉన్నాయో తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం లెక్క తీయాలి. గ్రామాల్లోని పశుసంవర్ధక సహాయకులు ఈ వివరాలు సేకరించగలరు. గర్భిణులకు అంగన్‌వాడీల్లో గుడ్లు, పాలు ఇస్తూ పోషకాహారం గురించి చెబుతున్నట్లే, వేడి కూర కవరులో తేవద్దన్న ఒక్క మాట కూడా చెప్పవచ్చు. దానికి బడ్జెట్ అక్కరలేదు.

నిరాశ పడవలసిన పని లేదు. బిస్‌ఫినాల్ ఏ, థాలేట్లు శరీరంలో ఏళ్ల తరబడి నిలవ ఉండేవి కావు. రోజూ కొత్తగా వచ్చి చేరుతున్నందువల్లనే రోజూ కనిపిస్తున్నాయి. రాక ఆగితే ఒకటి రెండు రోజుల్లో చాలా వరకు మూత్రంలో వెళ్లిపోతాయి. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో అయిదు కుటుంబాలకు మూడు రోజుల పాటు ప్లాస్టిక్ తగలని తాజా వంట పెట్టి చూశారు. వారి మూత్రంలో బిస్‌ఫినాల్ ఏ సగటున 66 శాతం తగ్గింది. థాలేటు జాడలు సగానికి పైగా తగ్గాయి. 2011లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

మూడు రోజుల్లో అంత మార్పు వచ్చినప్పుడు, కోడలు కడుపుతో ఉన్న తొమ్మిది నెలలు ఇంటిల్లిపాదీ జాగ్రత్త పడితే బిడ్డకు ఎంత మేలు జరుగుతుందో ఆలోచించాలి. కుండ, లోటా, స్టీలు క్యారియరు ఏ ఇంట్లోనూ లేనివి కావు. అటక మీద ఉన్నవాటిని దించి వాడుకోవడమే మిగిలింది. అధికారులు కూడా ఆవు పొట్ట కోసి కవర్లు తీసినప్పుడు మాత్రమే కాక, చూలు నిలవని గొర్రెను చూసినప్పుడు కూడా ప్లాస్టిక్‌ను అనుమానించి పరీక్షలు చేయించాలని జిల్లా రైతులు కోరవలసి ఉన్నది.